పాత డీజిల్ బండి కొన్నాక: ట్యాంకు మూత నుంచి ఇంజెక్టర్ దాకా వరుసగా చూసుకోవాల్సినవి

పాత డీజిల్ బండి కొనగానే చాలామంది నేరుగా ఆటోనగర్‌కు తీసుకెళ్లి ఆయిలు, ఫిల్టర్లు అన్నీ ఒకేసారి మార్పించేస్తారు. ఆయిలు మార్పించండి, తప్పులేదు. డీజిల్ ఫిల్టర్‌ని మాత్రం చూడకుండా పారేయించకండి. ఇన్నాళ్లూ ఆ బండి ఎలాంటి డీజిల్ తాగిందో, నీళ్లు తీయకుండా ఎంతకాలం తిప్పారో, పంపు లోపల అరుగుతోందో లేదో చెప్పే సాక్ష్యం ఆ ఫిల్టర్‌లోనూ, ట్యాంకు అడుగునున్న గ్లాసెడు డీజిల్‌లోనూ ఉంది. ముందు చూడాలి, తర్వాతే మార్చాలి.

రెండో మాట. తనిఖీ డీజిల్ నడిచే దారినే పట్టుకుని సాగాలి. ట్యాంకు, పైపులు, ఫిల్టర్, పంపు, రైల్ (పంపు నెట్టిన డీజిల్ ఒత్తిడితో నిలిచే ఉక్కు గొట్టం), ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, చివరికి మిగులు డీజిల్‌ను ట్యాంకుకు చేర్చే రిటర్న్ పైపు. బండి మిస్సింగ్ కొడుతోందనగానే "నాలుగు ఇంజెక్టర్లూ విప్పేసి టెస్టింగ్‌కి పంపుదాం సార్" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంజెక్టర్ల బిల్లు చాలాసార్లు ట్యాంకులోనే మొదలవుతుంది. ట్యాంకులో తుప్పు, నీళ్లు అలాగే ఉంచి కొత్త ఇంజెక్టర్లు వేస్తే, పాతవాటిని తినేసిన చెత్తే కొత్తవాటినీ తినేస్తుంది.

మీ బండి ఏ రకం

బానెట్ ఎత్తి ఇంజెక్టర్ల తలలు చూడండి. ఒక్కో దాని మీదకు కరెంటు వైర్ల సాకెట్ ఉండి, ఇనుప పైపులన్నీ ఒక లావుపాటి ఉక్కు గొట్టం నుంచి వస్తుంటే అది కామన్ రైల్. ఇన్నోవా, ఎంహాక్ ఇంజిన్ స్కార్పియో, స్విఫ్ట్ డీడీఐఎస్ ఈ కోవలోవి. వైర్లు లేకుండా పంపు నుంచే ఒక్కో ఇంజెక్టర్‌కు ఒక్కో ఇనుప పైపు వెళ్తుంటే అది మెకానికల్ పంపు. పాత టాటా 407, తొలినాటి బొలెరో డీఐ, మొదటి టాటా ఏస్ అలాంటివి.

ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. మెకానికల్ పంపు బండిలో నాజిల్ (ఇంజెక్టర్ మూతి) సుమారు 100 నుంచి 250 బార్ దగ్గర తెరుచుకుంటుంది. కామన్ రైల్‌లో ఐడిలింగ్‌లోనే (ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడే) 250 నుంచి 400 బార్ దాకా ఉంటుంది, లోడు మీద చాలా బండ్లలో 1,600 దాకా పోతుంది. కారు టైరులో ఉండే గాలి రెండు బార్ చిల్లరే. పాత ఇంజిన్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లు ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూడటానికి, ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తారు. కామన్ రైల్ మీద ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. ఆ ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపించినా లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని చెప్పాలి. లీకు వెతకాలంటే చెయ్యి పెట్టకుండా అట్టముక్క ఆడించండి. కామన్ రైల్ బండిలో ఏ నట్టు విప్పాలన్నా ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి.

ఇంకో జాగ్రత్త మన ఎండలకు సంబంధించినది. మన దేశంలో అమ్మే డీజిల్‌కు ప్రమాణం ప్రకారం ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. అంటే ఆ వేడి దగ్గర నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి పైకి లేవవచ్చు. బెజవాడలో, గుంటూరులో మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది. డీజిల్ అంటుకోదులే అన్న ధీమాతో ట్యాంకు పక్కన వెల్డింగ్, బీడీ రెండూ కానిచ్చేస్తుంటారు. వేసవిలో ఈ పని పొద్దున్నే, ఆరుబయట చేసుకోండి.

మొదటి అడుగు: రాత్రి నిలిపి పొద్దున చూడటం

బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్లు, నలకలు ట్యాంకు అడుక్కి దిగుతాయి, ఇంజిన్ పూర్తిగా చల్లారుతుంది. తెల్లారాక స్టార్ట్ చేసే ముందే టార్చి పట్టుకుని బానెట్ కింద, బండి కింద చూడండి. డీజిల్ లీకు చుక్కలుగా రాలడం తక్కువ. చెమర్చినట్టు ఊరి, దాని మీద దుమ్ము పట్టి నల్లటి తడి మచ్చగా కనిపిస్తుంది. అలాంటి చోట గుడ్డతో తుడిచి, ఆరాక కొద్దిగా టాల్కం పౌడర్ చల్లండి. పావుగంట ఇంజిన్ నడిపితే ఊరే చోటు పౌడర్ మీద తడిగా తేలిపోతుంది.

తాళం తిప్పగానే డీజిల్‌లో నీళ్లున్నాయని చెప్పే పసుపు దీపం ఒకసారి వెలిగి ఆరాలి. మీ మోడల్‌కు ఆ దీపం ఉండి, అసలు వెలగకపోతే బల్బో వైరో తీసేసి ఉండొచ్చు. తర్వాత సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు సెకన్లలో అందుకుంటే మంచిది. ఐదు సెకన్లు దాటితే ఆ మాట కాగితం మీద రాసుకోండి. బాగా వేడెక్కేలా గంటసేపు తిప్పి, ఆపి, పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. ఈ రెండు స్టార్ట్‌ల తేడాలోనే సగం రోగం తెలుస్తుంది.

పొద్దున మాత్రమే మొండికేసి, ఆ తర్వాత రోజంతా బాగుంటే రాత్రి పైపుల్లోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. అంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. చలి ప్రాంతాల్లో అయితే ముందు గ్లో ప్లగ్గుల్ని (చల్లటి ఇంజిన్ అందుకునేలా లోపల వేడిచేసే ప్లగ్గులు) అనుమానిస్తారు. మన దగ్గర డిసెంబర్ తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు కాబట్టి కామన్ రైల్ బండికి ముందు గాలినే అనుమానించండి. మొదటి తరం టాటా ఏస్ లాంటి పాత తరహా ఇంజిన్లకు మాత్రం గ్లో ప్లగ్గులు ఇక్కడా ముఖ్యమే. దీనికి తలకిందులుగా, చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టై, హైవే మీద టీకి ఆగి వచ్చేసరికి సెల్ఫ్ కొట్టి కొట్టి అలసిపోతే, ఇంజెక్టర్లు గానీ పంపు గానీ అరిగాయి. డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది, అరిగిన సందుల్లోంచి ఎక్కువ జారిపోతుంది, స్టార్ట్ కావడానికి కావాల్సిన ఒత్తిడి రైల్‌లో నిలవదు.

రెండో అడుగు: ట్యాంకు

మూత తిప్పగానే గట్టిగా 'హుస్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే ట్యాంకు బ్రీదర్ (ట్యాంకులోకి గాలి ఆడే సన్న పైపు) మూసుకుపోయింది. దుమ్ముతోనో, కందిరీగ పెట్టిన మట్టి గూడుతోనో పూడిపోతుంది. డీజిల్ తగ్గేకొద్దీ లోపల వాక్యూమ్ పెరిగి, అరగంట నడిచాక బండి పికప్ తగ్గి ఆగిపోతుంది. మూత వదులు చేస్తే మళ్లీ నడుస్తుంది. ఇది తెలియక పంపు విప్పించుకున్నవాళ్లు ఉన్నారు. పైపు ఊడదీసి ఊది చూస్తే తేలిపోయే విషయం.

అడుగున డ్రెయిన్ నట్టు ఉంటే, బండిని మరో రాత్రి నిలిపి, పొద్దున కదపక ముందే దాన్ని మెల్లగా వదులు చేసి మొదట వచ్చే 200 మిల్లీలీటర్లు గాజు సీసాలో పట్టండి. కడిగి, పూర్తిగా ఆరబెట్టిన పచ్చడి సీసా చాలు, ప్లాస్టిక్ బాటిల్‌లో అడుగు గీత సరిగా కనిపించదు. నట్టు లేని ట్యాంకైతే ఫిల్టర్ అడుగునున్న నీళ్ల స్క్రూ నుంచి పట్టండి. సీసాను 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వెలుతురుకు ఎదురుగా చూడండి.

మంచి డీజిల్ లేత పసుపులో తేటగా ఉంటుంది, సీసా వెనక పెట్టిన పేపరు అక్షరాలు చదవగలగాలి. అడుగున గీత గీసినట్టు వేరే పొర ఉంటే అవి నీళ్లు. చెంచాడు అయితే వానాకాలం బండ్లలో మామూలే, సగం ఖాళీ ట్యాంకులో రాత్రిపూట తేమ చెమర్చి చేరుతుంది. సీసాలో పావు వంతు నీళ్లే ఉంటే ట్యాంకు దించాల్సిందే. 20 నిమిషాలు దాటినా పాలు కలిపినట్టు మసకగా ఉంటే నీళ్లు డీజిల్‌లో కలిసిపోయి ఉన్నాయి, ఆ డీజిల్ మొత్తం తీసేయాలి. ఎర్రటి పొడి కూర్చుంటే తుప్పు. నీళ్లకూ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు పొర తేలుతుంటే అది సూక్ష్మజీవుల పని. అవి నీళ్లలో బతుకుతూ డీజిల్‌ను తింటాయి. దానికి మందు సీసా ఒకటి కొని ట్యాంకులో పోస్తే సరిపోదు. చచ్చిన జిగురంతా కదిలి ఒక్కసారిగా ఫిల్టర్‌ను మూసేస్తుంది. ముందు ట్యాంకు దించి, లోపల జాలీతో సహా కడిగించి, ఆ తర్వాతే మందు.

ఇక బెజవాడ వాళ్లు తప్పకుండా చూడాల్సింది వరద. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. అలాంటి బండి సీట్లు, డోర్ ప్యాడ్లు మార్చి మెరిపించి అమ్మవచ్చు. ట్యాంకు పైభాగం ఎవరూ తుడవరు. వెనక సీటు కిందో బండి కిందనో ట్యాంకు తల మీద, గేజు సాకెట్ చుట్టూ ఆరిపోయిన సన్నటి ఒండ్రు మట్టి ఉందేమో చూడండి. సాకెట్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడుతుంది. బ్రీదర్ గుండా నీళ్లతో పాటు ఆ ఒండ్రు కూడా ట్యాంకులోకి దిగి ఉంటుంది. నెంబరు ప్లేటు చూసి ఊరు పోల్చుకుందామంటే, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇన్సూరెన్స్ క్లెయిముల వివరం అడిగి తీసుకోండి.

మూడో అడుగు: ఫిల్టర్‌ను కోసి చూడటం

పాత ఫిల్టర్ విప్పి, అందులోని డీజిల్‌ను తెల్లటి పళ్లెంలో వంచండి. తర్వాత డబ్బా ఫిల్టర్ అయితే పై రేకును పైపు కట్టర్ లాంటి దానితో చుట్టూ కోయండి. హాక్సా బ్లేడు వాడకండి, దాని ఇనుప రజను కాగితం మీద పడితే అది పంపుదో బ్లేడుదో చెప్పలేం. లోపలి కాగితం మడతల్ని ఒక చాకుతో విడదీసి బల్ల మీద పరచండి.

కాగితం అంతా ఒకే తీరున నల్లబడితే భయం లేదు, డీజిల్‌లోని జిడ్డు అలా పడుతుంది. కొన్ని మడతలు మాత్రమే నల్లబడి మిగతావి తెల్లగా ఉంటే నకిలీ ఫిల్టర్ లేదా జిగురు ఊడిన ఫిల్టర్, డీజిల్ పక్కదారిన పోయింది. ఎండలో పెట్టి పళ్లేన్నీ కాగితాన్నీ అటూ ఇటూ వంచి చూడండి. మెటాలిక్ పెయింటు కలిపినట్టు మెరిసే రజను కనిపిస్తే ఇక ఆ బండి స్టార్ట్ చేయకండి. అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు, అంటకుండా మెరిస్తే అల్యూమినియమో ఇత్తడో. ఫిల్టర్ పంపుకు ముందుంటుంది కదా, పంపు రజను ఇందులోకి ఎలా వస్తుందని అడగవచ్చు. రిటర్న్ పైపు గుండా ట్యాంకులోకి, అక్కడి నుంచి మళ్లీ ఫిల్టర్‌లోకి. కాబట్టి రజను ఇక్కడ దొరికిందంటే పంపు నుంచి ట్యాంకు దాకా వ్యవస్థ మొత్తం దానితో నిండిందని అర్థం. అనుమానం తీరాలంటే పంపు మీదున్న మీటరింగ్ వాల్వ్ (పంపులోకి ఎంత డీజిల్ పోవాలో నియంత్రించేది) విప్పించండి, ఇన్నోవాలో దీన్నే ఎస్‌సీవీ అంటారు. దాని చిన్న జాలీ మీద మెరుపు ఉంటే పంపు పోయినట్టే. అప్పుడు పంపు ఒక్కటే మార్చి ఊరుకుంటే కొన్ని వారాల్లోనే కొత్త పంపూ పోతుంది. ట్యాంకు, పైపులు, రైల్ కడగాలి, ఇంజెక్టర్లు పరీక్షకు పోవాలి. ఇలాంటి బండి బేరం ఇంకా తెగకపోతే వదులుకోవడమే మేలు.

కొత్త ఫిల్టర్ బిగించేటప్పుడు డబ్బాలో డీజిల్ నింపి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. మధ్యలోని పెద్ద రంధ్రం శుభ్రమైన వైపు, అందులోంచి పోసిన క్యాను డీజిల్ వడకట్టకుండా నేరుగా పంపులోకి పోతుంది. కామన్ రైల్‌లో సందులు రెండు మూడు మైక్రాన్లే, తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. ఖాళీగానే బిగించి హ్యాండ్ ప్రైమర్‌ను (డీజిల్‌ను చేత్తో నెట్టే చిన్న పంపు) గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో కరెంటు పంపున్న బండికైతే తాళం ఆన్‌లో పది సెకన్లు ఉంచి ఆపడం, అలా నాలుగైదు సార్లు. సెల్ఫ్ ఒక్కసారికి పదిహేను సెకన్లు మించి కొట్టొద్దు. ఈ పంపులకు డీజిలే కందెన, పొడిగా తిరిగితే అప్పుడే అరగడం మొదలవుతుంది.

నాలుగో అడుగు: గాలి ఎక్కడ పీలుస్తోంది

ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో చాలా బండ్లలో పీల్చే వాక్యూమే ఉంటుంది. అందుకే అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కంటికి తడి కనబడదు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య రబ్బరు పైపు తీసి, అదే సైజు పారదర్శక పైపు అడుగు ముక్క తాత్కాలికంగా బిగించండి. చాలా బండ్లకు 8 మిల్లీమీటర్ల లోపలి సైజు సరిపోతుంది. స్టార్ట్ చేసిన నిమిషం తర్వాత కూడా బుడగలు వరుసగా వస్తుంటే ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటూ చూసుకుంటూ రండి. క్లిప్పులు, ఫిల్టర్ ఓరింగు, ప్రైమర్ బల్బు, బాంజో బోల్టు (డీజిల్ పోయేలా మధ్యలో రంధ్రమున్న బోల్టు) కింద రాగి వాషర్లు. ఒకసారి నలిగిన రాగి వాషర్ మళ్లీ పనికిరాదు, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయండి. పని అయ్యాక పారదర్శక పైపు తీసేయడం మరవకండి. మామూలు పీవీసీ పైపు డీజిల్‌కు గట్టిపడి చిట్లుతుంది.

మెకానికల్ పంపు బండిలో గాలి తీయడం తేలిక. ఫిల్టర్ తల మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ తేటగా వచ్చేదాకా ప్రైమర్ కొట్టి బిగించడం. ఆ తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర అదే పని. ఇక్కడ ఇంజెక్టర్ నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టినా కామన్ రైల్ అంత ప్రమాదం ఉండదు, అయినా కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యి దూరంగా ఉంచండి.

ఐదో అడుగు: రిటర్న్ కొలత

ఇంజెక్టర్లు విప్పకుండానే ఏది అరిగిందో చెప్పే పరీక్ష ఇది. ఇంజిన్ వేడెక్కించి ఆపి, పది నిమిషాలు ఆగి, ఇంజెక్టర్ల తల మీది సన్న రిటర్న్ పైపులు ఊడదీయండి. ఊడిన రిటర్న్ పైపు మూతిని బోల్టుతో బిగించేయండి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి ఒక్కో సన్న గొట్టం గీతలున్న సీసాలోకి పెట్టి, స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి. మూడు సీసాల్లో 20 మిల్లీలీటర్ల చొప్పున ఉండి, నాలుగో దాంట్లో 50 ఉంటే ఆ నాలుగోదే దొంగ. మోడల్‌ను బట్టి అంకె మారుతుంది కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చడమే ముఖ్యం, రెట్టింపు దాటితే అనుమానం అక్కర్లేదు. పీజో ఇంజెక్టర్ల (కాయిల్‌కు బదులు కరెంటుకు సాగే స్ఫటికంతో తెరుచుకునే రకం) బండికి ఈ పరీక్ష చేయకండి. వాటి రిటర్న్ పైపులో కొంత ఒత్తిడి ఉంటేనే అవి పనిచేస్తాయి.

ఆరో అడుగు: స్కానర్

స్కానర్ అంటే బండి కంప్యూటర్ దాచిన తప్పుల కోడ్లూ, అంకెలూ చూపించే పరికరం. పీ0087 అంటే రైల్ ఒత్తిడి తక్కువ, పీ0088 అంటే ఎక్కువ, పీ0093 అంటే పెద్ద లీకు. కోడ్ పేరు విని పంపు మార్చేయకండి, ఫిల్టర్ మూసుకుపోయినా పీ0087 వస్తుంది. పైగా అమ్మే ముందు కోడ్లు తుడిచేసి ఉండొచ్చు, అంకెల్ని నడుస్తున్న బండిలోనే చూడాలి. కంప్యూటర్ కోరిన ఒత్తిడి, రైల్‌లో నిజంగా వచ్చిన ఒత్తిడి రెండూ పక్కపక్కన పెట్టండి. ఐడిలింగ్‌లో రెండూ 20, 30 బార్ తేడాలో నిలకడగా ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 200 బార్ దాకా లేవకపోతే చాలా ఇంజిన్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనే తెరవదు.

అసలు పరీక్ష లోడు మీద. డెల్టా నేలలో పొడవాటి ఘాట్ రోడ్డు లేదు కాబట్టి, మంగళగిరి దాటాక హైవే ఖాళీగా ఉన్న చోట నాలుగో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 3,000 దాకా లాగండి, పక్కనున్న మనిషి స్కానర్ చూస్తాడు. వచ్చిన ఒత్తిడి కోరిన దానికంటే 100 బార్‌కు పైగా కిందికి పడితే డీజిల్ అందడం లేదు. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే పికప్ కొన్నవాళ్లు ఈ పరీక్ష సరుకుతోనే చేయాలి. ఖాళీగా చక్కగా పరిగెత్తి, లోడు ఎక్కగానే లింప్ మోడ్‌లోకి (కంప్యూటర్ ఇంజిన్ శక్తిని తగ్గించేసే స్థితి) పోయే బండ్లలో రోగం ఇక్కడే దొరుకుతుంది. ట్యాంకు, ఫిల్టర్, గాలి, రిటర్న్ నాలుగూ బాగున్నాయని ముందే తేల్చుకుని ఉంటేనే పంపు మీద తప్పు మోపగలరు.

ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు (ఇంజిన్ సమంగా తిరగడానికి ఒక్కో సిలిండర్‌కు కంప్యూటర్ పెంచే, తగ్గించే డీజిల్ లెక్క) కూడా రాసుకోండి. టయోటా బండ్లలో ఒకటి ప్లస్ 3 గానీ మైనస్ 3 గానీ దాటితే ఆ సిలిండర్ మీద కన్నేయండి. ఇంజెక్టర్ తల మీద చెక్కిన కోడ్, కంప్యూటర్‌లో ఉన్న కోడ్ ఒకటేనా అన్నది వెంటనే సరిచూడండి. ఇంజెక్టర్ మార్చి కోడ్ ఎక్కించకుండా వదిలేయడం వల్లే చాలా బండ్లు ఊగుతూ, పొగ కక్కుతూ తిరుగుతుంటాయి.

ఆయిలు స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టండి. మట్టం గరిష్ఠ గీత దాటి, పలచగా, డీజిల్ వాసన వేస్తే నాజిల్ కారుతోంది లేదా పంపు సీలు పోయింది. బీఎస్-6 బండిలో పొగ ఫిల్టర్ శుభ్రం చేసుకునే క్రమంలోనూ ఇలా జరగొచ్చు. ఏదైనా సరే, ఆ ఆయిలుతో బండి నడపొద్దు. ఇంజెక్టర్ మొదట్లో తారులా నల్లటి గట్టి పదార్థం పేరుకుని, 'చఫ్ చఫ్' మని చప్పుడు వస్తుంటే కింది రాగి వాషర్ కాలిపోయింది. ఆలస్యం చేస్తే ఇంజెక్టర్ హెడ్‌లో ఇరుక్కుపోతుంది.

షాపులో ఇచ్చేటప్పుడు

ఇంజెక్టర్లు ఇవ్వాల్సి వస్తే విప్పక ముందే పెయింటుతో 1, 2, 3, 4 వేసి, చెక్కిన నెంబర్లు ఫొటో తీసుకోండి. టెస్ట్ బెంచి మీద ఐడిలింగ్, మధ్య లోడు, పూర్తి లోడు, రిటర్న్ నాలుగు అంకెలూ ఉన్న ప్రింటు అడగండి. పైపులు విప్పిన ప్రతి మూతికీ శుభ్రమైన మూత పెట్టించండి. ఆటోనగర్ దుమ్ములో తెరిచి వదిలిన రైల్ మూతిలోకి ఇసుక రేణువు పోవడానికి అరగంట చాలు. పంపు శుభ్రమవుతుందని కిరోసిన్ కలపమని ఎవరు చెప్పినా వినకండి. కిరోసిన్‌కు జారుడు గుణం తక్కువ, పంపు త్వరగా అరుగుతుంది.

అన్నీ సరిచేశాక, రద్దీగా ఉండే బంకులో ట్యాంకు నిండా పోయించి రసీదు దాచండి. 500 కి.మీ. దగ్గర ఒకసారి, 1,000 దగ్గర మరోసారి ఫిల్టర్ కింద నుంచి నీళ్లు తీసి సీసాలో చూడండి. ట్యాంకు గోడలకు పట్టిన పాత మడ్డి మెల్లగా ఊడుతుంటుంది కాబట్టి మాన్యువల్ ఎంత చెప్పినా ఈ మొదటి ఫిల్టర్‌ని 5,000 కి.మీ.కే మార్చండి. దాన్నీ కోసి పరచండి. మెరుపు గానీ జిగురు గానీ కనిపించకపోతే అక్కడి నుంచి మాన్యువల్‌లో రాసిన లెక్క ప్రకారం నడుపుకోవచ్చు.